అల్మరాలో సర్వరు

కిందటేడు జూన్‌లో అమ్మ మోకాలి ఆపరేషన్‌కని ఊరెళ్ళాను. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. ఒకరోజు రాత్రి రెండింటికి ఫోను మోగింది. డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర.

"ఇంటర్నెట్ పోయింది. ఇంకో అరగంటలో నాకు క్లయింటుతో మీటింగు," అంది మా ఆవిడ.

"రౌటరు ఆపి మళ్ళీ ఆన్ చేశావా?"

"రెండుసార్లు చేశాను. లైను బాగానే ఉందంటున్నారు కంపెనీవాళ్ళు. వెళ్ళేముందు ఏం కెలికావ్?"

వెళ్ళేముందు ఏమీ కెలకలేదు. కెలికింది మూడేళ్ళ క్రితం. మనం ఏదైనా వెబ్‌సైటు పేరు కొడితే, ఆ పేరు వెనకున్న అంకెల చిరునామా ఎవరో ఒకరు వెతికి చెప్పాలి. దాన్నే డీఎన్ఎస్ అంటారు. మామూలుగా ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీయే ఆ పని చూసుకుంటుంది. మా ఇంట్లో ఆ పని పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పాను. ప్రకటనలు పంపే చిరునామాలు ఎవరైనా అడిగితే అది తెలియదన్నట్టు ఊరుకుంటుంది. దాంతో ఇంట్లో అందరి ఫోన్లలో ప్రకటనలు చాలావరకు తగ్గిపోతాయి. బాగానే ఉంది కదా! కాకపోతే అది నడిచే డబ్బా ఆగిపోతే ఇంట్లో ఎవరికీ ఏ చిరునామా తెలియదు. లైను బాగానే ఉంటుంది, ఇంటర్నెట్ మాత్రం ఉండదు.

"హాల్లో కోటు అల్మరా తెరువు. కింద నల్ల డబ్బా ఉంటుంది చూడు. దాని మీద లైటు వెలుగుతోందా?"

"ఇక్కడ మూడు నల్ల డబ్బాలున్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు."

డబ్బా ప్రాణం పోసుకోలేదు. చివరికి ఆమెను రౌటరు సెట్టింగుల్లోకి తీసుకెళ్ళి, ఒక్కో అంకె చదివి చెప్పి, అన్నీ పాత పద్ధతికి మార్పించాను. మీటింగుకి ఆరు నిమిషాలు ఆలస్యమైంది. "సరే, నువ్వు వచ్చాక మాట్లాడదాం," అని పెట్టేసింది. ఈ వాక్యానికి అర్థం పెళ్ళయినవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు.

పక్క మంచం మీద తాతయ్య అప్పటికే లేచి కూర్చున్నాడు. "అక్కడ కూడా కరెంటు పోతుందట్రా?" అన్నాడు.

* * *

అసలు ఆ డబ్బా ఏమిటో చెబుతాను. ఏదో ఆఫీసువాళ్ళు వాడి వదిలేసిన బుల్లి కంప్యూటరు. ఒక లావుపాటి నిఘంటువు అంత ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో 110 డాలర్లకు కొన్నాను. దాని మీద డెబియన్ వేశాను. 1993 నుంచీ, ఏ కంపెనీ సొత్తూ కాకుండా, స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుకొస్తున్న లినక్స్ అది. డబ్బా సగటున 12 వాట్లు తాగుతుంది. ఏడాది పొడుగునా ఆపకుండా తిప్పినా 105 యూనిట్లు, అంటే మా ఊరి రేటులో పదహారు డాలర్లు దాటదు.

అందులో ఇమిచ్ ఉంది, మా ఇద్దరి ఫోన్లలో తీసిన ఫోటోలు దానంతటవే అక్కడికి చేరతాయి. నెక్స్ట్‌క్లౌడ్‌లో కాగితాలు, జెల్లీఫిన్‌లో పాత సినిమాల డిస్కుల కాపీలు, ఫ్రెష్‌ఆర్ఎస్ఎస్‌లో నేను చదివే తెలుగు బ్లాగులు ఉంటాయి. ఇవన్నీ ఓపెన్ సోర్స్. సోర్స్ కోడు ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, డబ్బు కట్టకుండా ఇంట్లో నడుపుకోవచ్చు.

ఉచితం కాబట్టే ఇదంతా అని చాలామంది అనుకుంటారు. నాకు ముఖ్యమైంది అది కాదు. యాహూ జియోసిటీస్‌ని 2009లో మూసేసింది. గూగుల్ రీడర్ 2013 జులై 1న ఆగిపోయింది. బ్లాగులు చదివే అలవాటున్నవాళ్ళకి ఆ తేదీ ఇంకా గుర్తుండే ఉంటుంది. వాటిని వాడుకున్నవాళ్ళంతా కలిసి నడుపుకుందామన్నా కుదరదు, ఎందుకంటే కోడు వాళ్ళ చేతిలో లేదు. జెల్లీఫిన్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. ఎంబీ అనే మీడియా సర్వరు 2018లో తన కోడు చూపించడం మానేసింది. అప్పటిదాకా బయట ఉన్న కోడు తీసుకుని కొందరు ఆ డిసెంబరులోనే వేరుపడి జెల్లీఫిన్ మొదలుపెట్టారు. దీన్ని ఫోర్క్ అంటారు, మన భాషలో పాయ చీలడం. 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి నెక్స్ట్‌క్లౌడ్ పుట్టిందీ ఇలాగే. ఒక పాయ ఎండిపోయినా నీళ్ళు ఇంకో దారి వెతుక్కుంటాయి.

ఇదంతా విని ఉత్సాహం వచ్చినవాళ్ళు కాసేపు ఆగండి. ఇది కొని తెచ్చుకున్న తద్దినం కూడా. అద్దె ఇంట్లో పైకప్పు కారితే ఓనరుకి ఫోన్ చేస్తాం. సొంతింట్లో కారితే నిచ్చెన మనమే వేసుకోవాలి. నా పైకప్పు ఒకసారి ఘోరంగా కారింది.

* * *

2019 డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ మాటల్ని ఫోన్లో రికార్డు చేశాను. మొత్తం 31 రికార్డింగులు. గోంగూర పచ్చడికి ఉప్పెంత, కారమెంత; పెళ్ళయిన కొత్తలో తాతయ్య సినిమాకని తీసుకెళ్ళి టిక్కెట్లు దొరక్క వెనక్కి తీసుకురావడం; ఊళ్ళో ఎవరికి ఎవరు ఏమవుతారు. అన్నిటికంటే పొడుగైంది 47 నిమిషాలు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన రాత్రి. కృష్ణకి ఆవలి ఒడ్డు దివిసీమ, ఈవలి ఒడ్డు మాది. ఆ రాత్రి ఏ ఇంట్లో ఎంతమంది తలదాచుకున్నారో, తెల్లారాక ఏం చూసిందో, అమ్మమ్మ మధ్యమధ్యలో ఆగి, చీర కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ చెప్పింది. అంతకుముందు మా ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు.

2020 ఆగస్టులో అమ్మమ్మ పోయింది. విమానాలు లేని రోజులు. వీడియో కాల్‌లో చూశాను.

అప్పటికే నా దగ్గర ఇంటి సర్వరు ఉంది. పాత లాప్‌టాప్ ఒకటి, దానికి తగిలించిన రెండు డిస్కులు. అసలు ఫైళ్ళన్నీ మొదటి డిస్కులో. రోజూ రాత్రి రెండింటికి ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము లేచి, మొదటిదాంట్లో ఏముందో రెండోదాంట్లో అచ్చం అలాగే ఉండేట్టు చేస్తుంది. మొదటిదాంట్లో నేను తీసేసినవి రెండోదాంట్లోనూ తీసెయ్యమని ఒక ఆప్షన్ పెట్టాను. చోటు ఆదా అవుతుందని, ఎంతో తెలివిగా.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు తుఫాను కమ్మింది. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. కరెంటు పోతూ వస్తూ, పోతూ వస్తూ. మేము ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని ఒకే గదిలో పడుకున్నాం. సర్వరు సంగతి నాకు గుర్తే లేదు. కరెంటు నిలబడ్డాక అది తనంతట తానే లేచింది. మొదటి డిస్కు మాత్రం లేవలేదు, ఆ దెబ్బలకి పోయింది. డిస్కు దొరక్కపోయినా ఆగకుండా ముందుకు పొమ్మని సర్వరుకి ఎప్పుడో నేనే చెప్పి పెట్టాను. అది అలాగే చేసింది. డిస్కు ఉండాల్సిన చోట ఖాళీ ఫోల్డరు మిగిలింది.

రాత్రి రెండైంది. ఆర్‌సింక్ లేచింది. మొదటిదాంట్లో చూస్తే ఏమీ లేదు. ఓహో, అన్నీ తీసేశాడన్నమాట అనుకుని రెండో డిస్కుని శుభ్రంగా ఊడ్చేసింది.

దాని తప్పేం లేదు. నేను చెప్పిందే చేసింది. నాకు సంగతి తెలిసింది మూడు రోజుల తర్వాత. ఆలోగా వీధి తలుపు దగ్గరి కెమెరా తన వీడియోలన్నీ ఆ రెండో డిస్కు మీదే రాసుకుంటూ పోయింది. చెరిగిన ఫైళ్ళని వెతికి తీసే ఫోటోరెక్ అనే ప్రోగ్రాము ఉంది, అదీ ఓపెన్ సోర్సే. రెండు రాత్రులు దాన్ని నడిపాను. పేర్లు పోయిన ఫోటోలు కొన్ని వచ్చాయి. ఆడియో ఫైళ్ళు తెరిస్తే కొన్నిట్లో కీచుమనే చప్పుడు, కొన్నిట్లో అదీ లేదు. రికార్డు చేసిన ఫోన్ని అంతకుముందే ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. సర్వరులో భద్రంగా ఉన్నాయి కదా అన్న ధీమా.

ఆఫీసులో నా ఉద్యోగం డేటాబేసులు చూసుకోవడం. ఈ మాట ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు, సిగ్గేసి.

వారం తర్వాత తమ్ముడు గుర్తుచేశాడు. అమ్మమ్మ పోయాక నేను వాట్సాప్‌లో కొన్ని రికార్డింగులు పంపాను. వాడు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తాతయ్యకిచ్చాడు. ఊళ్ళల్లో పెద్దవాళ్ళ దగ్గర ఉంటుందే, ఎఫ్ఎం వస్తుంది, పెన్‌డ్రైవ్ గుచ్చితే పాటలూ వస్తాయి, ఆ డబ్బా కోసం. రోజూ పొద్దున్నే ఘంటసాల భగవద్గీత అయ్యాక తాతయ్య డబ్బాలో అమ్మమ్మ గొంతు వస్తుంది. అందులో తొమ్మిది ఉన్నాయి. అన్నీ చిన్నచిన్నవి, పచ్చళ్ళూ సినిమా టిక్కెట్లూ. పెద్దవి వాట్సాప్‌లో పంపడం కష్టమని నా దగ్గరే ఉంచేసుకున్నాను. ఉప్పెన రాత్రి పోయింది.

* * *

ఈ రంగంలో 3-2-1 అని పాత సూత్రం ఒకటుంది. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. మూడు కాపీలుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటైనా ఇంటికి దూరంగా ఉండాలి. నేను పెట్టుకున్నది బ్యాకప్ కాదు, అద్దం. ఎదురుగా ఉన్నది పోతే అద్దంలోదీ పోతుంది. రెండు డిస్కుల్ని జతకట్టే రెయిడ్ కూడా అంతే. డిస్కు పాడైతే కాపాడుతుంది గానీ, పొరపాటున చెరిపితే రెండుచోట్లా ఒకేసారి చెరిపేస్తుంది. నా దగ్గరున్న ఒకే ఒక్క నిజమైన బ్యాకప్ తాతయ్య పాటల డబ్బా. పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, ఏ కంప్యూటరుకీ తగిలించకుండా ఉంది కాబట్టి మిగిలింది.

ఇప్పుడు రెస్టిక్ అనే ప్రోగ్రాము వాడుతున్నాను. ఇది ఇవాళ్టి రూపం ఇది, నిన్నటిది అది అని తేదీలవారీగా దాస్తుంది. ఈరోజు అన్నీ చెరిగిపోయినా నిన్నటి తేదీకి వెళ్ళి తెచ్చుకోవచ్చు. మూడో కాపీ హైదరాబాదులో తమ్ముడి ఇంట్లో, రాస్ప్‌బెర్రీ పైకి తగిలించిన డిస్కులో ఉంటుంది. మాకు అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్. మొదటి 600 జీబీ అలా పంపాలంటే దాదాపు మూడు రోజులు ఆగకుండా పంపాలి. అందుకని డిస్కుని సూట్‌కేసులోనే పెట్టుకెళ్ళాను. అటునుంచి ఆవకాయ, ఇటునుంచి హార్డ్ డిస్కు. తర్వాత రోజూ కొత్తగా చేరినవి మాత్రమే వైర్‌గార్డ్ అనే సొరంగంలోంచి వెళ్తాయి. తమ్ముడి ఇంటికి బయటినుంచి నేరుగా తలుపు కొట్టడం కుదరదు, అక్కడి ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా వాడుతుంది. కాబట్టి అక్కడి బుల్లి కంప్యూటరే మా ఇంటి తలుపు తడుతుంది.

బ్యాకప్ ఉంటే సరిపోదు, వెనక్కి వస్తుందో లేదో చూడాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని, హైదరాబాదు డిస్కులోంచి ఒక్క ఫైలు వెనక్కి తెప్పించి తెరుస్తాను. ఏ ఫైలైనా పరవాలేదు. నేను మాత్రం మిగిలిన ఆ తొమ్మిదిలో ఒకటి తెప్పిస్తాను. ఫైలు తెరుచుకుందని తెలిశాక కూడా చివరిదాకా వింటాను.

* * *

నేను తిరిగొచ్చాక, అన్నట్టుగానే మాట్లాడుకున్నాం. డబ్బాకి ఏమీ కాలేదు, అడాప్టరు కాలిపోయింది, అంతే. ఇరవై డాలర్లతో పోయింది. ఈ మాట కొంచెం గర్వంగానే చెప్పాను.

మేమిద్దరం ఇంజినీరింగ్‌లో ఒకే బ్యాచ్. నాది కంప్యూటర్స్, తనది సివిల్. తను మెల్లగా అడిగింది. "మేము బిల్డింగ్ అప్పజెప్పేటప్పుడు యాజ్-బిల్ట్ డ్రాయింగులు ఇస్తాం. ముందు గీసింది కాదు, నిజంగా కట్టింది ఎలా ఉందో అది. ఏ గోడలో ఏ పైపుందో, ఏ వాల్వు తిప్పితే నీళ్ళు ఆగుతాయో. కట్టినవాడు రేపు ఉండకపోవచ్చు కదా. నీ డ్రాయింగు ఏది?"

నా డ్రాయింగు నా తలలో ఉంది.

"నువ్వు ఊళ్ళో లేకపోతేనే ఇలా ఉంది. అసలు లేకపోతే?"

ఇలాంటి ప్రశ్నలకి మన ఇళ్ళల్లో "ఛ, అవేం మాటలు" అనడం ఆనవాయితీ. తను ఆ మాట అననివ్వలేదు. బాబు పుట్టినప్పటి ఫోటోలు ఆ డబ్బాలో ఉన్నాయి. ఇంటి కాగితాలు ఉన్నాయి. రెస్టిక్ అన్నిటినీ తాళం వేసి దాస్తుంది, పాస్‌వర్డు లేకపోతే తెరవడం ఎవరి తరమూ కాదు. ఆ పాస్‌వర్డు నా పాస్‌వర్డుల సంచీలో ఉంది. ఆ సంచీ ఆ డబ్బాలోనే ఉంది. ఒకవేళ నాకేదైనా అయితే, కంపెనీ క్లౌడులో పెట్టిన వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కనీసం అర్జీ పెట్టుకోవడానికి ఒక ఆఫీసు ఉంటుంది. మా ఆవిడకి మూడు నల్ల డబ్బాలుంటాయి. నా డేటా నాది అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నిజంగానే నాది, నా ఒక్కడిది.

ఆ వారాంతం డ్రాయింగు రాశాను. లేఖినిలో వేళ్ళు వెతుక్కుంటూ తెలుగు టైపు నేర్చుకున్నవాణ్ణి, రెండు పేజీలకి ఒక పూట పట్టింది. మొదటి వాక్యం: "తొందరేమీ లేదు. నువ్వు ఏమీ చెయ్యకపోయినా ఏదీ పోదు." తర్వాత ఏ డబ్బా ఏమిటో, ఇంటర్నెట్ ఆగితే రౌటరులో ఏం మార్చాలో, హైదరాబాదు డిస్కు సంగతి, ఏటా డబ్బు కట్టాల్సినవి ఏవో, ఎవరికి ఫోన్ చెయ్యాలో. పాస్‌వర్డులు చేత్తో రాసి, కవర్లో పెట్టి, పాస్‌పోర్టులున్న పెట్టెలో దాచాం.

తర్వాత పరీక్ష. నేను బాబుని తీసుకుని పార్కుకి వెళ్ళాను, ఫోను ఇంట్లో వదిలేసి. కాగితం చూసుకుంటూ పోయినేడాది పుట్టినరోజు ఫోటోలు బయటికి తియ్యాలి, అంతే. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే కాగితం నిండా ఎర్ర గీతలు. ఒకచోట పాత పాస్‌వర్డు రాశాను. ఒకచోట "మామూలుగా చేసినట్టే" అని రాశాను, ఎవరికి మామూలు? అన్నిటికంటే పెద్దది, డిస్కు తీసి తన లాప్‌టాప్‌కి తగిలిస్తే విండోస్ దాన్ని చదవలేక ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. లినక్స్‌వాళ్ళు డిస్కు మీద ఫైళ్ళు సర్దే పద్ధతి విండోస్‌కి తెలియదు. పొరపాటున సరే అని నొక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అప్పుడు ఒక సంగతి తట్టింది. నేను లేని రోజున ఈ సర్వరు నడవాల్సిన పనే లేదు. ఫోటోలు తెరుచుకుంటే చాలు. అందుకని ఇప్పుడు ఇంకో డిస్కు ఉంది. తాళాలు లేవు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఏ లాప్‌టాప్‌కైనా అర్థమయ్యే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో, 2019, 2020, 2021 అని ఏడాదికో ఫోల్డరు. నెలకోసారి కొత్తవి చేర్చి బీరువాలో పెడతాను. దాని మీద పెద్ద అక్షరాలతో "ఫోటోలు" అని రాసి అంటించాం. కాగితంలో చివరి వాక్యం మా ఆవిడే రాసింది: "ఇది తీసుకున్నాక అల్మరాలో అన్నీ పీకి పారేయొచ్చు."

మీరూ ఇలాంటిది మొదలుపెడదామనుకుంటే నా మాట వినండి. ముందు ఫోటోలు ఒక్కటే పెట్టుకోండి. ఆర్నెల్లు దాకా పాత చోటునీ వదలొద్దు. ఈమెయిలు సర్వరు జోలికి అసలు వెళ్ళొద్దు, మీ ఉత్తరాలన్నీ అవతలివాళ్ళ చెత్తబుట్టలోకి చేరతాయి. ఇంటి తలుపులు ఇంటర్నెట్‌కి బార్లా తెరవొద్దు, వైర్‌గార్డ్ లాంటి దారి ఒక్కటి చాలు. రెండో సాఫ్ట్‌వేరు వేసేముందు, మొదటిదాని గురించి కాగితం రాసి ఇంట్లోవాళ్ళ చేతికిచ్చి పార్కుకి వెళ్ళండి.

* * *

జూన్‌లో ఆ ఫోను వచ్చిన రాత్రి మళ్ళీ నిద్రపట్టలేదు. తాతయ్యకీ పట్టలేదు. రికార్డింగులు పోయిన సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు, ఆ రాత్రి చెప్పాను. ఆయన డబ్బాలో ఉన్నవి తప్ప ఇంకేం మిగల్లేదని, ఉప్పెన గురించి అమ్మమ్మ చెప్పింది నావల్లే పోయిందని.

కాసేపు ఏమీ అనలేదు. "ఏం చెప్పింది?" అన్నాడు.

గుర్తున్నంతవరకు చెప్పాను. మధ్యలో రెండుచోట్ల ఆపి, అది అలా కాదు, ఆ ఇల్లు కాదు అని సరిదిద్దాడు. ఫోను తీసి అడిగాను, రికార్డు చెయ్యనా అని. ఊఁ అన్నాడు. తెల్లవారేదాకా చెప్పాడు. ఆయన చూసిన రాత్రి అమ్మమ్మ చూసిన రాత్రి కాదు. ఆమె ఇంట్లో ఉంది, ఆయన చేలో ఉన్నాడు. ఆ పొద్దున్నే దాన్ని అమ్మ ఫోన్లోకి, తమ్ముడికి, నా లాప్‌టాప్‌లోకి పంపి మూడుచోట్లా తెరిచి చూశాను.

వచ్చేముందు తాతయ్య పెన్‌డ్రైవ్ తీసుకున్నాను. "నువ్వు చెప్పింది కూడా ఇందులో ఎక్కిస్తాను," అన్నాను.

"నాదెందుకురా, నా గొంతు నేనేం వింటాను," అన్నాడు. "ఆవిడవి చెరిగిపోకుండా చూడు."